లీకు లేదన్నారు

ఫోన్ ఎత్తి హలో అంటే చాలు, "అంకుల్, ఒకసారి ఆంటీకి ఇస్తారా?" అంటారు అవతలివాళ్ళు. నేనే ఆంటీని అంటే, "అయ్యో, జలుబు చేసిందా ఆంటీ?" అని అడుగుతారు. చేసిందనే చెబుతాను. మూడేళ్ళుగా నాకు జలుబే.

రంపం పెట్టి కర్ర కోసినట్టుండే ఈ గొంతు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. దీని సంగతి చెప్పాలనిపించింది. రెండో తరగతిలోనే బడి మానేసినదాన్ని, రాయడం రాదు. కొడుకు చదువు కోసం వచ్చి మా కింది అంతస్తులో ఉంటున్న టీచరమ్మ, నేను చెబుతుంటే రాస్తోంది. అన్నది అన్నట్టే రాయమన్నాను. "నువ్వు అన్నట్టే రాస్తే అచ్చు వేసేవాడు పారిపోతాడు. కాస్త దువ్వి రాస్తాను" అంది. దువ్వుకో, కత్తిరించకు అన్నాను.

మాది తుని దగ్గర పల్లె. మా ఆయన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. ఆయన పోయేనాటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. క్వార్టరు ఖాళీ చేసి అక్కడే బేర్ సరాయ్‌లో ఒక గది, దాని పక్కనే చిన్న వంటగది తీసుకున్నాను. పెద్ద పరీక్షలకి చదువుకునే తెలుగు పిల్లలు ఆ సందుల నిండా ఉండేవారు. వాళ్ళకి రెండు పూటలా భోజనం పెట్టడం మొదలుపెట్టాను. పప్పు, కూర, చారు, పెరుగు, ఆదివారం గారెలు. బోర్డు లేదు, గంట లేదు. మెట్ల మీద నిలబడి "వడ్డించేశానోయ్!" అని ఒక్క కేక వేస్తే నాలుగో అంతస్తు వాళ్ళు కూడా పుస్తకాలు మూసి దిగొచ్చేవారు. ఎదురు పుస్తకాల కొట్టు భయ్యా కూడా ఆ కేక వినే తన రొట్టెల డబ్బా తెరిచేవాడు. ఆ గొంతు మీదే మా బతుకు నడిచింది.

నాకొక చాదస్తం ఉంది. కొత్త సిలిండరు బిగించిన వెంటనే సబ్బునీళ్ళు కలిపి ఆ బిగింపు చుట్టూ రాస్తాను. బుడగ లేచిందంటే లీకు. లేవకపోతే "లీకు లేదు" అని పైకి అని, అప్పుడే అగ్గిపుల్ల గీస్తాను. "లీక్ నహీ హై మమ్మీ, అబ్ చాయ్ బనావో" అని మా అమ్మాయి వెక్కిరించేది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. తెలుగు అక్షరం ఒక్కటి చదవడం రాదు. నేను నేర్పలేకపోయాను, నాకు వస్తే కదా.

మా అమ్మాయి ధౌలా కువాన్‌లో కాలేజీకి వెళ్తున్న రోజులు. ఆ చలికాలం వారం పాటు సూర్యుడు కనిపించలేదు. నాకు దగ్గు పట్టుకుంది. అల్లం, మిరియాలు కాచుకుని తాగుతూ వంట చేస్తూనే ఉన్నాను. ఒకరోజు పొద్దున్న చారు దించుతూ గట్టు మీదికి వాలిపోయాను. పెద్ద సర్కారీ ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళారు. ఊపిరితిత్తులు రెండింటిలోనూ నిమ్ము చేరిందన్నారట. ఆ తర్వాత నాకు తెలియదు. నోట్లోంచి గొంతులోకి ప్లాస్టిక్ గొట్టం దించి మిషను చేత ఊపిరి పీల్పించారు.

ఎనిమిదో రోజున ఆ గొట్టం తీశారు. అది నాకు బాగా గుర్తుంది. గొట్టం బయటికి రాగానే హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య పూర్తి కాలేదు. గాలి లోపలికి లాగుతుంటే కీచుమని చప్పుడు. సన్న సందులోంచి చలిగాలి దూరితే కిటికీ అరిచే చప్పుడు. అది నా గొంతులోంచే వస్తోందని తెలియడానికి కొంతసేపు పట్టింది. ఎంత లాగినా సగం గుక్కే లోపలికి వెళ్తోంది. మూతికి ఆవిరి మందు పెట్టారు, వీపు వెనక దిండ్లు పేర్చారు. అరగంట కాకముందే మళ్ళీ మత్తుమందు, మళ్ళీ గొట్టం.

మళ్ళీ తెలివి వచ్చేసరికి రెండు రోజులు గడిచాయి. గొట్టం పీక్కుంటానని చేతులు రెండూ మంచానికి గుడ్డతో కట్టారు. నోటి నిండా ప్లాస్టిక్కు. గొట్టం ఉంటే మూలుగు కూడా రాదని అప్పుడే తెలిసింది. కేకలు వేసి బతికినదాన్ని, ఏడిస్తే చప్పుడు లేదు.

నన్ను చూసే డాక్టరమ్మకి ముప్పై ఏళ్ళుంటాయి. జుట్టుకి రబ్బరు బ్యాండు, కళ్ళ కింద నలుపు. "అమ్మాజీ, ఏక్ టెస్ట్ కరేంగే" అని నా మీదికి వంగింది. గొట్టం చివర, గొంతు లోపల, ఒక చిన్న బుడగ ఉంటుంది. గాలి పక్కల నుంచి పోకుండా అది అడ్డం. ఆ బుడగలోని గాలిని బయటి నుంచే సిరంజితో లాగేసింది. నా నోటి దగ్గర చెవి పెట్టి విన్నది. మిషను మీద అంకెలు చూసింది. మళ్ళీ విన్నది. పక్కనున్న కేరళ సిస్టరుతో "లీక్ నహీ హై" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. లీకు లేదట! కట్టిన చేతినే ఎత్తగలిగినంత ఎత్తి బొటనవేలు చూపించాను. డాక్టరమ్మ ఆ వేలి వంక చూసి, నా నుదురు నిమిరి వెళ్ళిపోయింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకూ ఇంటివాళ్ళని రానిచ్చేవారు. మా అమ్మాయి ముఖం వెలిగిపోతూ వచ్చింది. తలుపు దగ్గర సిస్టరు చెప్పిన ముక్క అది కూడా విన్నది.

"మమ్మీ, లీక్ నహీ హై! మైనే సబ్‌కో ఫోన్ కర్ దియా!"

మెస్సు పిల్లలకి, పుస్తకాల కొట్టు భయ్యాకి, ఊళ్ళో మా తమ్ముడికి, అందరికీ చెప్పేసిందట. మా తమ్ముడు అక్కడ కొబ్బరికాయ కూడా కొట్టేశాడు. తల్లీ కూతుళ్ళం ఒకే సిలిండరు పక్కన బతికినవాళ్ళం మరి, ఇద్దరికీ ఒకటే బుద్ధి.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. "యే అచ్ఛీ ఖబర్ నహీ హై బేటా. లీక్ హోనా చాహియే" అంది. లీకు ఉండాలట. సిస్టరు తన వేలికున్న ఉంగరం చూపించింది. వేలు బాగున్నప్పుడు ఉంగరం చుట్టూ కాస్త సందు ఉంటుంది, తిరుగుతుంది. వేలు వాస్తే పట్టేస్తుంది. అలాగే నా గొంతు లోపల వాచి గొట్టాన్ని పట్టేసుకుంది. బుడగ తీసేసినా గాలి పక్కల నుంచి రాలేదంటే సందు లేదని అర్థం. ఇప్పుడు గొట్టం లాగేస్తే మొన్నటి కీచే మళ్ళీ.

"ఔర్ ఫిర్ సే వైసా హువా తో?" మళ్ళీ అలాగే అయితే ఏమిటని మా అమ్మాయి అడిగింది.

డాక్టరమ్మ తన మెడ గుంట మీద వేలు పెట్టుకుంది. "యహాఁ ఛేద్ కర్నా పడేగా." అక్కడ రంధ్రం పెట్టి అందులోంచే ఊపిరి. మాట సంగతి ఆ తర్వాత చూసుకోవాలి. నాకు మా మెట్లు, నా కేక గుర్తొచ్చాయి.

ఆ పని పడకుండా వాపు తగ్గించడానికి మందు ఉందని చెప్పింది. రేపు పొద్దున్న ఆరింటికి మొదటి ఇంజెక్షను, తర్వాత నాలుగ్గంటలకొకటి, సాయంత్రం ఆరింటికి నాలుగోది ఇచ్చి గొట్టం తీస్తామంది. "స్టెరాయిడ్ దేంగే" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

స్టెరాయిడ్. ఆ మాట నాకు తెలుసు. మా ఆయనకి ఆయాసం ఉండేది. ఎవరో చెప్పారని డాక్టరు కాని డాక్టరు ఒకడి దగ్గర తెల్లటి చిన్న మాత్రలు తెచ్చుకునేవాడు. వేసుకున్న కాసేపటికే ఆయాసం పోయేది. రెండేళ్ళు అలాగే మింగాడు. ముఖం పూరీలా పొంగింది. చర్మం ఉల్లిపొరలా పలచబడి, చెయ్యి తగిలితే చాలు నెత్తురు కమ్మేది. షుగరు వచ్చింది. కాలికి పుండు లేచి మానలేదు. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తే "ఇవి స్టెరాయిడ్లు, ఇన్నాళ్ళు ఎవరిచ్చారు?" అని అక్కడి డాక్టరు నా మీద అరిచాడు. ఆ మాట నేను నేర్చుకున్న నాలుగో రోజున ఆయన పోయాడు. అప్పటి నుంచి ఎవరు ఏ మందు రాసిచ్చినా "ఇందులో స్టెరాయిడ్ ఉందా?" అని ముందు అడిగేదాన్ని.

ఇప్పుడు అడగడానికి నోరు లేదు. తల అటూ ఇటూ కొట్టుకున్నాను. నేనేదో చెప్పాలనుకుంటున్నానని మా అమ్మాయికి తెలిసింది. సిస్టరుని బతిమాలి నా కుడిచేతి కట్టు విప్పించి, తన నోటుబుక్కు కింద పట్టుకుని, వేళ్ళ మధ్య పెన్ను పెట్టింది. "లిఖో మమ్మీ."

నాకు వచ్చింది నా సంతకం, ఇంకా చిల్లరగా కొన్ని అక్షరాలు. ఒక్క మాట చాలుననుకున్నాను. వద్దు. వ వచ్చు. ద వచ్చు. ద కింద ఆ వత్తు ఎటు తిప్పుతారో ఎంత తలుచుకున్నా రాలేదు. వత్తు లేకుండానే రాసేశాను. చెయ్యి వణికి ద పొట్ట ఎటో పోయింది, కొమ్ము కాగితం చివరికి జారిపోయింది.

అమ్మాయి ఆ కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. దాని కంటికి అది జిలేబీ. "ఏక్ మినిట్, కిసీ సే పఢవా కే ఆతీ హూఁ" అంటూ ఎవరిచేతైనా చదివించడానికి బయటికి పరిగెత్తింది. బయట వరండాలో తెలుగాయన ఒకాయన ఉండేవాడు. చిత్తూరు వైపు మనిషి, భార్య లోపల ఉంటే పది రోజులుగా ఆ బల్ల మీదే కూర్చున్నాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, వెలుతురు కేసి పట్టి, చదివాడట.

"ఏం రాసినాదబ్బా... వ... డ. వడ! పాపా, మీయమ్మ వడ అడగతా ఉండాది!"

అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ తిరిగొచ్చింది. "మమ్మీ! వడ? ఇస్ హాలత్ మే వడ? పక్కీ మెస్ వాలీ హో తుమ్!" సిస్టరు నవ్వింది. నేల తుడిచే ఆయా నవ్వింది. "జల్దీ ఠీక్ హో జావో, పూరే వార్డ్ కో వడ ఖిలాయేంగే" అంది అమ్మాయి, వార్డంతటికీ వడలు పెడదామని.

నేను నా జన్మలో వడ అనను. మా వైపు అది గారె. ఆకలేస్తే గారె అని రాసేదాన్ని కదే పిచ్చిదానా! అని లోపల్లోపల మొత్తుకున్నాను. తల ఊపిన కొద్దీ, ఇప్పుడే కావాలని మారాం చేస్తున్నాననుకుంది. ఐదు కాగానే గార్డు వచ్చి అందరినీ పంపేశాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పొద్దున్న ఆరింటికి సిస్టరు సిరంజితో వచ్చింది. తల ఊపాను. "డరో మత్ అమ్మా, సూయీ నహీ హై" అంటూ, సూది గుచ్చేది లేదని చెప్పి, చేతికి అప్పటికే ఉన్న సన్న గొట్టంలోకి మందు ఎక్కించేసింది. చల్లగా మోచెయ్యి దాకా పాకింది. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. సిస్టరు దూదితో తుడిచి, నొప్పా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. మంచి పిల్ల. దాని తప్పేముంది, నేను వడ అడిగాననే కదా అందరికీ తెలుసు.

ఎనిమిదిన్నరకి అమ్మాయిని ఐదు నిమిషాలు లోపలికి రానిచ్చారు. నా కళ్ళు చూసి దాని నవ్వు ఆగిపోయింది.

"వడ నహీ థా?"

కాదని ఊపాను.

"పానీ? దర్ద్? కౌన్ సీ బాత్ హై, మమ్మీ?"

చెయ్యి విప్పించింది. అరచెయ్యి నా బుగ్గకి ఆనించి, మెల్లగా దూరం జరిపాను, ముఖం పొంగినట్టు. ఒకసారి. రెండోసారి. తర్వాత ట్రేలో ఉన్న ఖాళీ సిరంజి వైపు వేలు చూపించాను. మళ్ళీ బుగ్గ.

అమ్మాయి చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని ఆ పొంగిన బుగ్గలు వేలితో పొడిచి ఆడుకునేది. ఆయన నవ్వేవాడు.

"డాడీ కా ఫేస్," అంది. "డాడీ కీ గోలియాఁ. మమ్మీ, తుమ్ వద్దు బోల్ రహీ థీ."

ఆ ఒక్క మాటా తెలుగులోనే అంది. అవునని కళ్ళు మూసి తెరిచాను. అది డాక్టరమ్మ కోసం పరిగెత్తింది.

డాక్టరమ్మ వచ్చి స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. అన్ని రోజుల్లో ఏ డాక్టరైనా నా పక్కన కూర్చోవడం అదే మొదలు. "గలతీ మేరీ హై" అని మొదలుపెట్టింది, ముందు నన్ను అడగాల్సిందని. అబద్ధం చెప్పను, ఇది మీ ఆయన మింగిన జాతి మందే అంది. కానీ ఆయన రెండేళ్ళు, రోజూ, ఎవరూ చూడకుండా తిన్నాడు. ఇది ఒక్క రోజు, నాలుగే నాలుగు. ఒక్క రోజుకి ముఖం పొంగదు. షుగరు కాస్త పెరగొచ్చు, వేలు గుచ్చి చూస్తూ ఉంటామంది.

"తో నికాల్‌నే సే పెహలే ఏక్ హీ దే దో నా," అంది మా అమ్మాయి. తీసే ముందు ఒక్కటి ఇస్తే పోయేదానికి పొద్దున్నుంచీ ఎందుకని.

వాపు వెంటనే దిగదని చెప్పింది డాక్టరమ్మ. ఆఖరి గంటలో ఇస్తే మందుకి పని చేసే వ్యవధే ఉండదట. అది మాత్రం నాకు ఇంకెవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. గారెల మినప్పప్పు రుబ్బబోయే ముందు నీళ్ళలో ముంచితే నానుతుందా? పొద్దున్న పోస్తేనే సాయంత్రానికి పప్పు మెత్తబడేది.

"పక్కా కామ్ కరేగా?" అని అడిగింది అమ్మాయి.

"పక్కా నహీ బోలూఁగీ." చాలామందికి పని చేస్తుంది, అందరికీ అని చెప్పలేనంది. నేను వద్దంటే ఆపేస్తుందట. ఇంకో రెండు మూడు రోజులు ఆగి చూడొచ్చు. కానీ గొట్టం ఎన్నాళ్ళుంటే గొంతుకి అంత చెరుపు.

పదింటికి తనే సిరంజి తెచ్చింది. నాకు కనిపించేలా పట్టుకుని ఆగింది. "దూఁ?" అంది, ఇవ్వనా అని.

నా ఒంట్లోకి ఎన్నో ఎక్కించారు, ఎన్నో లాగారు. ఎవరూ అలా ఆగలేదు. మా ఆయన్ని తలుచుకున్నాను. ఆయన్ని అలా అడిగినవాడు ఒక్కడు ఉండుంటే అనుకున్నాను. తల కిందికి వంచాను. ఎక్కించింది.

పదింటికి నేను అన్నం వార్చే వేళ. రెండింటికి గిన్నెలు ముందు వేసుకునే వేళ. వంటింటి లెక్కన ఆ రోజు గడిపాను. మధ్యలో వేళ్ళు బుగ్గ మీదికి పోనిచ్చి తడుముకుంటూనే ఉన్నాను, పొంగిందేమోనని. సిస్టరు అది చూసి తన చేతి అద్దం తెచ్చి చూపించింది. గొట్టం అంటించిన ప్లాస్టరు, ఎండిన పెదాలు. బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి.

ఆరింటికి నాలుగోది ఇచ్చాక డాక్టరమ్మ బుడగలో గాలి లాగింది. ఆవిడ చెవి పెట్టేలోపే నాకు వినిపించింది. బుస్సుమని, గుడగుడమని, నా నోటి పక్కల నుంచి గాలి. వంటింట్లో ఆ చప్పుడు వింటే సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచి, తినేవాళ్ళని కంచాలతో సహా సందులోకి తోలేదాన్ని.

"లీక్ హై! లీక్ హై అమ్మా!" అని సిస్టరు చప్పట్లు కొట్టింది. నేను మళ్ళీ బొటనవేలు ఎత్తాను. ఈసారి డాక్టరమ్మ కూడా ఎత్తింది.

గొట్టం వచ్చేసింది. దగ్గాను, ఉమ్మాను, మళ్ళీ దగ్గాను. డాక్టరమ్మ స్టెతస్కోపు నా మెడ మీద పెట్టి కళ్ళు మూసుకుంది. నేనూ వింటున్నాను. ఒక గుక్క. ఇంకొకటి. గరగర ఉంది, కీచు లేదు. మొన్న గొట్టం మళ్ళీ వేసిన అరగంట వచ్చింది, దాటిపోయింది. గంట అయ్యాక డాక్టరమ్మ స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని, చాయ్ తాగొస్తానని సిస్టరుతో చెప్పింది.

అమ్మాయిని లోపలికి పంపారు. ఎక్కువ మాట్లాడించొద్దని చెప్పే పంపారు. అది ఊరుకుంటుందా. "మమ్మీ, కుఛ్ బోలో. ఏక్ వర్డ్."

నోరు తెరిచాను. పాత ఇనప తలుపు ఈడ్చినట్టు ఏదో వచ్చింది. అది నా గొంతని నాకే తెలియలేదు.

"వడ కాదే... గారె" అన్నాను.

ఆ రెండు మాటలకి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. అది నా చెయ్యి పట్టుకుని, మంచం పట్టీకి తల ఆనించి, భుజాలు ఊగిపోయేలా ఏడ్చింది.

గొంతు పూర్తిగా తిరిగి రాలేదు. రెండుసార్లు గొట్టం దిగినందుకు లోపల ఒరుసుకుపోయిందన్నారు, కొంచెం బాగుపడింది, మిగతాది ఇలాగే ఉంది. కేక పోయింది. ఇప్పుడు మెట్ల మీద నిలబడి స్టీలు కంచం మీద గరిటెతో కొడతాను. పిల్లలు దిగొస్తున్నారు, అంతే కావాలి. ముఖం పొంగలేదు.

నెల తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డబ్బా నిండా గారెలు వేసి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నిలబడే మూడు తింది. చిత్తూరాయనకని నాలుగు విడిగా పొట్లం కట్టాను. దెబ్బలాడదామని కూడా అనుకున్నాను, చదవడం అదేనా అని. ఆ బల్ల మీద వేరే ఎవరో కూర్చున్నారు. గార్డుని అడిగితే తెలియదన్నాడు. భార్యని తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడనే అనుకున్నాను. అలా అనుకోవడమే బాగుంది. పొట్లం ఆ కూర్చున్నవాళ్ళకే ఇచ్చేశాను.

ఆ కాగితం మా అమ్మాయి దాచింది. మొన్న టీచరమ్మకి చూపిస్తే ఆవిడకి కూడా వడ లాగే కనిపించిందట. అప్పుడు నా చెయ్యి పట్టుకుని ద వత్తు దిద్దించింది. అమ్మాయి కూడా పక్కన కూర్చుని దిద్దింది, నాకంటే గుండ్రంగా వచ్చింది దానికి. ఈ రాసిన కాగితాల్లో ఆ మాట వచ్చిన చోటల్లా ఆవిడ ఖాళీ వదిలింది. అక్కడక్కడ వంకరగా, పెద్దగా ఉన్న వద్దు నేను రాసిందే.